తొమ్మిదో ఛార్జర్

పినపాక ఎయిర్‌స్ట్రిప్‌లో ఇంజనీర్‌ వేషంలో ఉన్న ఏజెంట్ రాందాస్‌ను పట్టపగలు కాల్చి చంపారు. సైలెన్సర్ తుపాకి. ఒకే బుల్లెట్.

మర్నాడు హైదరాబాద్‌లో చీఫ్ శవం ఫొటో చూపించాడు. ఏజెంట్ షాలేమ్‌రాజు రాందాస్‌తో ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఏమీ అనిపించలేదు. ఫొటో తిరిగి ఇచ్చేశాడు.

"అక్కడ పన్నెండు ఎలక్ట్రిక్ విమానాలున్నాయి," అన్నాడు చీఫ్. "పగలు ఎగురుతాయి. సాయంత్రం కరెంటు వాడకం పెరిగే వేళకి ఛార్జర్లకు తగిలిస్తే, బ్యాటరీల్లో మిగిలిన కరెంటు గ్రిడ్‌కు వెళ్తుంది. ఇవాళ ఆరున్నరకి అవి ఇవ్వడం ఆపి, ఒక్కసారిగా లాగడం మొదలెడతాయి. ఓ విదేశీ ముఠా ప్లాన్. లైన్లు ట్రిప్ అవుతాయి. పక్కనున్న బొగ్గు గనిలోకి గాలి పంపే ఫ్యాన్లు ఆగుతాయి. లోపల రెండొందల మంది."

"జనరేటర్?"

"ముఠా ముందే పాడుచేసింది."

"గని ఖాళీ చేయిస్తే?"

"జాగ్రత్తపడి రోజు మార్చుకుంటారు. ఏదో ఒక ఛార్జర్‌లో వాళ్ల కంట్రోల్ కార్డు ఉంది. అది పీకెయ్. అన్నీ ఒకేసారి ఆపితే మాత్రం గ్రిడ్‌కి అదే దెబ్బ. అక్కడ మేనేజర్ ఏంజెల్, ముఠాలో మన డబుల్ ఏజెంట్. నువ్వొస్తున్నట్టు తనకి చెప్పాను. కోడ్ వర్డ్ 'గోదారి మీద పొగమంచు'."

ఆరుంబావుకి షాలేమ్‌రాజు టెక్నీషియన్ జాకెట్‌లో పినపాకలో దిగాడు. థర్మల్ కళ్లద్దాల్లో పన్నెండు ఛార్జర్లూ ఒకేలా ఎర్రగా కనిపించాయి. ఆ అద్దాలు జేబులో పెట్టి వాచ్‌మన్ దూలయ్యను పిలిచాడు.

"వీటిలో తేడాగా ఉన్నదేది?"

"తొమ్మిదోది సార్. వారం సంది విమానం లేకున్నా వెచ్చగుంటది. పొద్దుగాల సలికి తొండలన్నీ దాని మీదనే పండుకుంటున్నయ్. నిన్న రాందాస్ సారుకు గదే చెప్పిన. చూస్తానని పోయిండు. గంతే."

"అక్కడ ఎవరున్నారు?"

"మేడమే. గిప్పుడు గూడ గాడనే ఉన్నది."

తొమ్మిదో ఛార్జర్ పక్కన నల్ల కళ్లద్దాలు, ఎర్ర సిల్కు స్కార్ఫ్. అడవి గాలిలో ఖరీదైన సెంటు వాసన.

"గోదారి మీద పొగమంచు," అన్నాడు.

ఏంజెల్ పిస్టల్ తీసింది. "ఆడనే ఆగు, రాజూ."

"రాందాస్‌ని నువ్వేనా?"

"అవ్. వాళ్లకు నా మీద అనుమానమొచ్చింది. నేను కాల్చకుంటే నన్ను కాల్చేటోళ్లు. గిప్పుడు గూడ చూస్తున్నరు." ఆమె తల కొంచెం స్తంభం మీది కెమెరా వైపు తిరిగింది.

ఆరూ ఇరవై తొమ్మిది. షాలేమ్‌రాజు తనలో భయం కోసం వెతికాడు. దొరకలేదు.

"కాల్చు," అని నడిచాడు.

"రాజూ, వద్దు!"

ఆమెను దాటుకుని ఛార్జర్ మూత తీశాడు. లోపల కార్డు కాలుతోంది. పట్టుకుని లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. ఇంకా నాలుగు సెకన్లుండగా ఊడివచ్చింది. రన్‌వే దీపాలు ఒక్కసారి మసకబారి నిలబడ్డాయి. విమానాలు కరెంటు ఇస్తూనే ఉన్నాయి.

ఏంజెల్ పిస్టల్ కింద పెట్టేసింది. "నిన్న ఒకర్ని కాల్చిన. ఇంకొకర్ని నాతోని కాలే."

ముఠా దాక్కున్న భద్రాచలం లాడ్జి పేరు, గది నంబరు తనే చెప్పింది. పావుగంటలో పోలీసులు ముగ్గురు విదేశీయులను పట్టుకున్నారు. షాలేమ్‌రాజు ఆమె చేతులకు బేడీలు వేశాడు.

"సార్, మీ చెయ్యి బొబ్బలెక్కింది," అన్నాడు దూలయ్య. "మండుతలేదా?"

"తెలియడం లేదు దూలయ్యా."

గనిలో రెండొందల మందీ షిఫ్టు ముగించుకుని మామూలుగానే పైకొచ్చారు. ఆ సాయంత్రం కరెంటు ఆఫీసుకు ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది. ఇల్లందులో ఎవరింట్లోనో టీవీ రెండు సెకన్లు మసకబారిందట. కరెంటోళ్లకు పనీపాటా లేదని గట్టిగానే తిట్టారట.