తోక బరువు

తాత తన పనిబల్ల మీద బోర్లా పడి ఉన్నాడు. వీపులో ఒకే బుల్లెట్. చుట్టూ చెక్కపొట్టు. కుడిచేతి కింద ఉలి, ఎడమ పిడికిట్లో రేగుపండంత సీసం ముద్ద.

ఏజెంట్ ఆ ముద్దను జేబులో వేసుకుని ట్రాన్స్‌మిటర్‌లో కోడ్ చెప్పాడు. "చిత్రిక ఆగింది."

ఒక విదేశీ ముఠా కన్ను ఆ షెడ్డు మీద పడిందని తెలిసి, మూడు వారాలుగా అతను తాత దగ్గర పాలిష్ పనివాడి వేషంలో ఉన్నాడు. టేకు మొద్దుల్లోంచి ప్యాసింజర్ జెట్లు తీసే చెయ్యి తాతది. మోడల్ పూర్తయ్యాక రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి లేపేవాడు. ముక్కు వాలినా తోక వాలినా, రెండో కొసలో సీసం దిగ్గొట్టి సరిచేసేదాకా రంగు ముట్టనిచ్చేవాడు కాదు. స్టాండుకు గుచ్చే బొమ్మకి ఇంత చాదస్తమెందుకని ఏజెంట్ ఒకసారి నవ్వితే, "రోజంతా కూర్చునేవాడివి, నీకు మాత్రం రెండు కాళ్ళెందుకురా పాలిషూ?" అన్నాడు.

ఈ పొద్దున గరుకు కాగితం తెమ్మని తాతే అతన్ని బజారుకు తరిమాడు. షెడ్డులో గరుకు కాగితం దండిగా ఉంది. ఏజెంట్‌కి ఆ సంగతి ఇప్పుడు తట్టింది.

చీఫ్ బ్రీఫింగ్ నిమిషంలో అయిపోయింది. రెండు దేశాల మధ్య విమానాలు మళ్ళీ నడిపే ఒప్పందం మీద నాలుగింటికి సంతకాలు. పదకొండుమంది ప్రతినిధులు, ఒక్కొక్కరి ముందు తాత చేసిన ఒక్కో జెట్. ఆ ముఠా వాటిలో ఒకదాన్ని బాంబుగా మార్చింది.

"హాలు ఖాళీ చేయిస్తే?"

"జనం లేచిన మరుక్షణం రిమోట్ నొక్కుతారు. ఎవరి దగ్గరుందో తెలీదు. సెక్యూరిటీ ఇన్‌ఛార్జి ముఠాలో మన మనిషి. ఆమెనడుగు."

మూడూ యాభై నాలుగు. పాలిష్ గుడ్డతో ఏజెంట్ హాల్లోకి వెళ్ళాడు. నీలికోటు, ఖరీదైన సెంటు, తడబడని నవ్వు. ఇన్‌ఛార్జి అతని చెవి దగ్గరకు వంగింది.

"ఎడమనుంచి మూడోది. వంటింటి దారిన పట్టుకుపో."

దుమ్ము తుడుస్తున్నట్టు మూడోదాన్ని రెండు వేళ్ళ మీద లేపాడు. నీళ్ళ మీద ఆకులా నిలిచింది. తలెత్తి చూస్తే, ఆమె వీధి తలుపు వైపు నడుస్తోంది.

నాలుగోది. ఐదోది. ఆరోది. అన్నీ నిలిచాయి.

ఏడోది, ఒక ముసలి ప్రతినిధి ముందున్నది, తోక మీద కూలబడింది. జేబులో సీసం తొడకు చల్లగా తగిలింది. దాని ముక్కులో దిగాల్సిన సీసం అది. చేతకాక కాదు, గుర్తుగా ఉండాలని తాత కావాలనే దిగ్గొట్టలేదు.

గుమ్మం దాటిన ఆమె వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి కోటు జేబులోకి పోయింది. ఏజెంట్ కిటికీ అద్దం మీదికి జెట్‌ను బలంకొద్దీ విసిరాడు.

పెరటి మీద, గాల్లో, పేలింది. హాల్లో పదకొండుమందీ నేల మీద ఉన్నారు, అందరూ ఊపిరితోనే. బయట చీఫ్ మనుషులు రిమోట్‌తో సహా నీలికోటును గోడకు అదిమారు.

తాత చేసిన విమానాల్లో నిజంగా ఎగిరింది అదొక్కటే. తోక బరువు కదా, అదీ వంకరగానే ఎగిరింది.