భూసంబంధం లేని ఇల్లు

ఎడమవైపు తిరుగుతానని చెప్పమంటే శేషారత్నం ఇల్లు రెండు కళ్ళూ కొట్టింది.

బయలుదేరే ముందు జరిగే పరీక్ష అది. చీరాల దగ్గర సముద్రపు ఒడ్డున చక్రాల మీద కదిలే పన్నెండు బండిళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటీ దీపాలు వెలిగించి, బ్రేకులు పట్టి చూపించాలి. మూడో ఇల్లు బుద్ధిగా ఎడమ దీపం ఒక్కటే మిణుకుమనిపించింది. నాలుగోదైన శేషారత్నం ఇల్లు రెండు పక్కలా మిణుకుమంది. బ్రేకు పట్టమంటే దీపాలు మసకబారాయి. కుడి చక్రం పట్టుకుంది, ఎడమ చక్రం పట్టించుకోలేదు.

"ఈ వయసులో నీకిదేం వేషమే?" అని ఇంటిని కసిరింది శేషారత్నం.

ఇళ్ళు కదలడం మొదలై ఇరవయ్యేళ్ళు దాటింది. డ్రైవరు లేకుండానే ఇళ్ళ వరసను కొక్కేనికి తగిలించుకొని కొండలెక్కించే లాగరులు వచ్చాక, జనం వేసవికి కొండలకూ చలికాలానికి తీరానికీ ఇంటితో సహా మారిపోతున్నారు. శేషారత్నం కొబ్బరికాయల వ్యాపారి. కాయ తీరంలో చవక, కొండ మీద గిరాకీ. ఇల్లు కదిలితే సరుకూ కదిలినట్టే. ఉన్న రెండు సెంట్ల స్థలం అమ్మి ఈ బండిల్లు కొన్నప్పుడు బంధువులు నవ్వారు. కదలని ఆస్తి దగ్గరికి మనమే పోవాలి, కదిలే ఆస్తి మనతో వస్తుంది అన్నది ఆమె లెక్క. ఆ లెక్క ఇంతవరకూ తప్పలేదు.

ఈ పన్నెండు ఇళ్ళ బారు పదకొండు గంటలకు కదలాలి. పరీక్ష తప్పిన ఇల్లు ఉంటే వదిలేసి మిగతావి వెళ్ళిపోతాయి. ఆ ఖాళీలో దారిలో ఎదురుచూస్తున్న కొత్త ఇంటిని తగిలించేస్తారు. వదిలేసిన ఇల్లు ఆ తరవాత ఏదో ఒక బారులో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య చేరాలి. సగం ఇళ్ళకు మించి చెడితే మాత్రం బారంతా ఆగుతుంది. అది తుఫాన్ల కోసం రాసిన నిబంధన, ఇంతవరకూ దాని అవసరం రాలేదు.

గిరాకీ ఎక్కడైనా దొరుకుతుందని శేషారత్నానికి తెలుసు. కానీ పోయిన వానాకాలం మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు మూడో ఇంటి సుగుణ టీచరు నెల రోజులు కిటికీలోంచి కూర అందించింది. రాత్రి దగ్గు వినిపిస్తే ఐదో ఇంటి మస్తాన్ వలి తన కిటికీ తెరిచి, "అక్కా, మంచినీళ్ళు ఉన్నాయా?" అని అడిగేవాడు. అలాంటి కిటికీలు ఏ సంతలోనూ అమ్మరు. అవి తయారవడానికి తొమ్మిదేళ్ళు పక్కపక్కన ఉండాల్సి వచ్చింది.

ఆ మస్తాన్ వలే ఇప్పుడు పనిముట్ల సంచీతో వచ్చాడు. ఒకప్పుడు లారీలకు కరెంటు పని చేసినవాడు.

"అక్కా, నీ ఇల్లు నాకు కన్ను కొడతంది. మా ఇంటిది కరీమూన్ చూసిందంటే నా పని అయిపోద్ది."

"రెండు కళ్ళూ కొట్టింది తమ్ముడూ. అది నిన్ను చూసి కళ్ళు మూసుకోవడం. నువ్వేం పొంగిపోబాక."

మస్తాన్ ముందు లాగరికి తగిలించే ఏడుకాళ్ళ ప్లగ్గు చూశాడు. తుప్పు లేదు. ఫ్యూజులు బాగున్నాయి. బ్యాటరీకి మీటరు పెట్టాడు.

"రాత్రంతా కరెంటు ఎక్కించినా పదకొండున్నర వోల్టులు దాటలా. నిండితే పన్నెండున్నర పైన ఉండాల."

"నెల నుంచీ తెల్లారేసరికి ఫ్యాను నీరసపడతంది. బ్యాటరీ కూడా నాలాగే ముసల్దయిందనుకున్నా."

"మరి దోషదర్శిని ఏం చెప్పలా?"

దోషదర్శిని ప్రతి ఇంటి గోడలోనూ ఉంటుంది. తన ఇంటి లోపం తానే కనిపెట్టి పైకి చెప్తుంది.

"చెప్పకేం! రోజూ పొద్దున్నే అదే సోది. నువ్వే విను." శేషారత్నం గోడ మీద మీట నొక్కింది.

"నాల్గవ గృహమునకు భూసంబంధము లేదు. తెలియునా?" అంది దోషదర్శిని.

"తెలుసులేవే."

"కృతజ్ఞతలు. ఫిర్యాదు ముగిసినది."

మస్తాన్ చేతిలో మీటరు అలాగే ఉండిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి చెప్తంది అక్కా ఇది?"

"నెలయింది. రెండు సెంట్లూ అమ్ముకున్నది నేను. నాకు భూమి లేదని ఇది నాకు చెప్పాలా? పట్టాలు లేనోళ్ళ లెక్క తీస్తన్నారేమోలే అనుకున్నా."

మస్తాన్ ఇసకలో కూలబడి నవ్వాడు. "భూసంబంధం అంటే ఎర్త్ అక్కా! ఎర్త్ వైరు!"

"ఎర్త్ అని చావొచ్చుగా మరి!"

దోషదర్శినికి మాటలు నేర్పినవాళ్ళు ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లకుండా జాగ్రత్తపడ్డారు. అందులో తప్పు లేదు. తెలుసు అన్న ప్రతి మనిషికీ నిజంగా తెలుసుననుకోవడమే వాళ్ళ పొరపాటు.

"కరెంటు ఎర్రవైరులో దీపం దగ్గరికి పోద్ది," అన్నాడు మస్తాన్. "పని అయినాక ఇంటి ఇనప చట్రం మీదుగా బ్యాటరీకి తిరిగి రావాల. ఆ దారి మూసుకుపోతే..."

"పక్క సందుల్లో దూరుద్ది," అందుకుంది శేషారత్నం. "సరుకు దింపిన లారీ తిరిగిరావడానికి రోడ్డు లేకపోతే ఊళ్ళో సందులన్నీ తిరగదూ? ఎడమ దీపానికి పోయింది కుడి దీపంలోంచి తిరిగొస్తంది. అందుకే రెండూ మిణుకుతన్నయ్. బ్రేకులకి మిగిలేది అరకొర."

"కాయలు అమ్ముకోకుండా నా పొట్ట మీద పడతావేంది అక్కా!"

మస్తాన్ బ్యాటరీ నల్ల కొస నుంచి ఒక పొడుగు వైరు తెచ్చి చట్రానికి ఆనించాడు. దీపాలు తళతళలాడాయి. ఇల్లు ఎడమ కన్ను ఒక్కటే కొట్టింది. వైరు తీయగానే మళ్ళీ రెండూ. ఇక వెతకాల్సింది ఒక్క చోటే. అతను ఇంటి ముందు కొక్కెం కిందికి దూరి ఎర్త్ బోల్టు చూశాడు. పచ్చగా పొక్కులు కట్టి ఉంది. గీకి వాసన చూశాడు.

"కొబ్బరినీళ్ళు! కాయ ఎక్కడ కొడతావక్కా నువ్వు?"

"కొక్కెం మీద. ప్రతి శుక్రవారం."

"అందరూ ప్రయాణానికొకటి రాయి మీద కొడతారు. నువ్వు వారం వారం ఇనుం మీద కొట్టి బోల్టుకి తాగించావు."

"నా ఇంట్లో కాయలకి కరువా?" అంది శేషారత్నం, కాస్త తగ్గి.

మస్తాన్ స్పానరు వేసి తిప్పాడు. బోల్టు టక్కున విరిగింది.

"కొత్త కన్నం వెయ్యాల. రంగు గీకి బిగించాల. గంట పైనే పడుద్ది."

పదకొండుకు ఇంకా పన్నెండు నిమిషాలే ఉన్నాయి. వరస ముందర లాగరి అప్పటికే గుర్రుమంటోంది.

"ఆ పొడుగు వైరే కట్టేసి పోదాం," అంది శేషారత్నం.

"కొండ దారక్కా. మలుపులో వైరు జారితే నీకు బ్రేకులుండవు."

ఆమె ముందూ వెనకా ఉన్న ఇళ్ళకేసి చూసింది. ఒక ఇల్లు ఆగితే ఒకరికి నష్టం, జారితే పన్నెండు ఇళ్ళకు. అది వెయ్యనవసరం లేని లెక్క. "వద్దులే. మీరు పోండి."

"నాల్గవ గృహము మినహా బారు బయలుదేరును," అంది దోషదర్శిని.

మస్తాన్ స్పానరు తీసుకుని, మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు. శేషారత్నానికి మనసు చివుక్కుమంది. ఒక్కమాటైనా అనొచ్చుగా అనుకుంది. అయినా ప్రయాణం నాడు ఇంటికో కాయ ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి, పదకొండు కాయలు ఏరడానికి లోపలికి వెళ్ళింది.

నాలుగో కాయ తీస్తుండగా ఐదో ఇంట్లోంచి మాట వినిపించింది. "ఐదవ గృహమునకు భూసంబంధము లేదు."

ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. ఐదో ఇంటి కొక్కెం కింద మస్తాన్ కాళ్ళు కనిపించాయి. ఇటు పక్క సుగుణ టీచరు చీరచెంగు నడుముకు దోపి ఇసకలో వంగి ఉంది.

"మస్తాన్ గారూ, విప్పాల్సింది ఇదేనా?"

"అది బ్రేకుది టీచరమ్మా! దాని జోలికి పోబాక! నల్లవైరు, నల్లవైరు!"

"మూడవ గృహమునకు భూసంబంధము లేదు." ఆ వెంటనే ఆరవ గృహము. తరవాత రెండవది, తొమ్మిదవది. కాయలు ఒళ్ళో పెట్టుకుని శేషారత్నం తన ఇంటితో మొదలుపెట్టి వేళ్ళు మడుస్తూ కూర్చుంది. ఏడో వేలు మడిచేసరికి లాగరి గురక ఆగిపోయింది.

"సగమునకు మించి గృహములకు భూసంబంధము లేదు. బయలుదేరుట నిలిపివేయబడినది. కారణము తెలుపుడు."

మస్తాన్ స్పానరుతో మళ్ళీ నాలుగో ఇంటి కొక్కెం కిందికి దూరాడు. వదులయ్యే ప్రతి బోల్టునూ లెక్కలోకి తీసుకున్న యంత్రం అది. పక్కింటి కోసం వదులు చేసే బోల్టు దాని లెక్కలో లేదు.

పన్నెండున్నరకు కొత్త బోల్టు బిగిసింది. మిగతా ఇళ్ళు రెండు నిమిషాల్లో బాగయ్యాయి. శేషారత్నం ఇల్లు ఎడమ కన్ను ఒక్కటే కొట్టింది, రెండు చక్రాలూ ఒకేసారి పట్టాయి.

"ఒక్క పూటలో ఏడు గృహములకు భూసంబంధము తెగి, మరల కలిసినది," అంది దోషదర్శిని. "ఇచటి నేలలో లోపమున్నదా?"

"లోపమేం లేదు," అంది శేషారత్నం. "కాస్త జిగురెక్కువ."

"జిగురు. నమోదైనది."

ఆమె కళ్ళు తుడుచుకుని, ఒక మంచి కాయ ఏరుకుని, అలవాటుకొద్దీ కొక్కెం దగ్గరికి నడిచి చెయ్యెత్తింది. పదకొండు ఇళ్ళ కిటికీలు ఒక్కసారే అరిచాయి.

"రాయి మీద!"