అటు తోస్తే ఇటు

“గుద్దేశావ్! మళ్ళీ గుద్దేశావ్!”

రోజా అరుపుకి కంప్యూటర్ గది కిటికీ మీద వాలిన కాకి కూడా ఎగిరిపోయింది. గోడకున్న పెద్ద టచ్ ప్యానెల్ మీద నీలం రంగు పాయ, దానికి రెండు వైపులా పచ్చటి మడ చెట్లు. ఆ చెట్లలోకి ముక్కు దూర్చి ఆగిపోయింది ఒక ఎర్ర బోటు. ప్యానెల్ ముందు హేమంత్ బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

“ఎడమకి వెళ్దామని ఎడమకే తోశాను కదే!”

“ఎడమకి వెళ్ళాలంటే కుడికి తొయ్యాలి. చుక్కాని కర్ర అంతే. మా పల్లెలో చంటిపిల్లల్ని అడిగినా చెప్తారు. జరుగు!”

రోజా వాణ్ణి పక్కకి నెట్టి, తెర మీద గీసిన కర్రని ఒక్క వేలితో అటూ ఇటూ ఆడించింది. బోటు మెలికలన్నీ దాటుకుని వెళ్ళి బుద్ధిగా రేవులో ఆగింది.

“చూశావా, ఎంత సులువో?”

సులువు కాక ఏమవుతుంది? ఆ ఆట రాసింది తనే. వాళ్ళ నాన్న అయ్యప్ప చేపల వేటకి వెళ్తాడు. అక్షరాలు దిద్దే వయసులోనే ఆయన ఒళ్ళో కూర్చుని చుక్కాని కర్ర పట్టుకున్న పిల్ల రోజా.

ఇద్దరూ నాగాయలంక హైస్కూల్లో ఏడో తరగతి. లెక్కల మాస్టారు శామ్యూల్ రాజ్ గారు సాయంత్రాలు పిల్లలకి బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ఆటలు తయారుచేయడం నేర్పిస్తున్నారు. ఆ బేసిక్‌లో రెడీమేడ్ బటన్లు ఉండవు. బటన్ కావాలంటే మనమే గీసుకోవాలి. వేలు ఎక్కడ ఆనిందో, ఎటు జరిగిందో కనిపెట్టి, అప్పుడు ఏం జరగాలో కూడా మనమే రాసుకోవాలి.

మిగతా పిల్లలు బాణాలు, గుండ్రటి బటన్లు గీశారు. రోజా మాత్రం తెర అడుగున ఒక కర్ర గీసింది. అచ్చం నాన్న బోటులో లాగే, కర్రని ఎడమకి తోస్తే బోటు కుడికి తిరుగుతుంది. కుడికి తోస్తే ఎడమకి. బోటు, చెట్లు, రేవు, ఆ రేవులో ఆవలిస్తున్న పిల్లి, ఆ బొమ్మలన్నీ హేమంత్ వేశాడు.

కర్రని చూసి సార్ ముచ్చటపడ్డారు. “దీన్ని బందరులో ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్దాం. కానీ ఒక షరతు. శనివారం మన హైస్కూల్లో కలిపిన మూడో తరగతి పిల్లల చేత ఆడిస్తాను. మీరు పక్కన చేరి చెప్పకూడదు. వాళ్ళంతట వాళ్ళు బోటుని రేవుకి చేర్చాలి. అప్పుడే బందరు.”

రోజా అప్పటికే బందరు వెళ్తున్నానని పల్లె అంతా చాటేసింది. వెళ్ళకపోతే మొహం ఎలా చూపించాలి?

“బాణం బటన్లు పెడదామే. చిన్నపిల్లలకి తేలిగ్గా ఉంటుంది,” అన్నాడు హేమంత్.

“నిజం బోటులో బాణాలుంటాయా? నీకు ఆడటం రాదని ఆట మార్చాలా? ఒడ్డునుండే వాళ్ళకి ఏం తెలుస్తుందిలే!”

హేమంత్ వాళ్ళు వరి పండిస్తారు. వాడు బోటెక్కింది ఒక్కసారే, అదీ దారంతా వాంతులు చేసుకున్నాడు. ఆ సంగతి గుర్తొచ్చిందేమో, వాడి మొహం ఎర్రబడింది. బ్యాగ్ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

వాడు తిరిగి నాలుగు మాటలు అనుంటే రోజాకి బాగుండేది. ‘నేను చెప్పింది నిజమే కదా’ అని తనకి తనే సర్దిచెప్పుకుంది. అయినా లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు క్లాసులో వాళ్ళని పిలిచి ఆడించింది. అందరూ చెట్లలోకే వెళ్ళారు. “అటు కాదు!” “ఛ, నీకు రాదు!” “జరుగు, నేను చూపిస్తా!” అని రోజా గొంతు పోయేలా అరిచింది. వర్షిణి అయితే ప్యానెల్‌కి దణ్ణం పెట్టి, “ఆట కంటే నీ తిట్లే ఎక్కువున్నాయే తల్లీ,” అని వెళ్ళిపోయింది. సాయంత్రానికి పిలిచినా ఎవరూ రావడం లేదు. రోజాకి మొదటిసారి భయం వేసింది.

ఆ మరుసటి రోజు హేమంత్ తనంతట తనే వచ్చాడు.

“నేనూ ఒక ఆట తెచ్చాను. ఆడతావా?”

తెర మీద ట్రాక్టరు, దాని వెనక తగిలించిన ధాన్యం బస్తాల ట్రక్కు. రివర్స్ చేసి ట్రక్కుని షెడ్డులో పెట్టాలి. అడుగున గుండ్రటి స్టీరింగ్ ఉంది.

“ఓస్, ఇంతేనా!” అంది రోజా.

షెడ్డు ఎడమ వైపు ఉంది. స్టీరింగ్ ఎడమకి తిప్పింది. ట్రక్కు కుడికి పోయి గడ్డివాములో దూరింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కరెంటు స్తంభాన్ని గుద్దింది. మూడోసారి పళ్ళు బిగించి తిప్పితే గేదెల పాక గోడ కూలింది. హేమంత్ చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. నవ్వు ఆపుకోలేక మూతి మాత్రం అటూ ఇటూ కదులుతోంది.

“ఎడమకి తిప్పితే కుడికి పోతుందేంట్రా? నీ ప్రోగ్రామే తప్పు!”

“వెనక ట్రక్కు పెట్టుకుని రివర్స్ చేస్తే అంతే. మా ఊళ్ళో చంటిపిల్లల్ని అడిగినా చెప్తారు.”

“అందరి ఇళ్ళలో ట్రాక్టర్లు ఉంటాయా? నాకెలా తెలుస్తుంది?”

“ఇంకో సంగతి,” అన్నాడు హేమంత్ మెల్లగా. “ప్రోగ్రాం నాది కాదు. నీదే.”

రోజా గబగబా ప్రోగ్రాం తెరిచి చూసింది. ఒక్కో లైనూ తను రాసిందే. వాడు బోటు తీసి ట్రక్కు పెట్టాడు. కర్ర తీసి స్టీరింగ్ పెట్టాడు. బొమ్మలు తప్ప ఇంకేమీ మార్చలేదు.

ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత పాకలో ఇరుక్కున్న ట్రక్కునీ, బిత్తరపోయి చూస్తున్న గేదెనీ చూసి నవ్వాపుకోలేకపోయింది.

“సారీ రా. నీకు రాదు అన్నాను. నా ప్రోగ్రాం నాకే రాలేదు.”

“నాకు చెప్తావేంటి? ఆ గేదెకి చెప్పు,” అన్నాడు హేమంత్. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

నవ్వు తగ్గాక రోజా నిట్టూర్చింది. “కర్ర తీసేసి బాణాలు పెట్టేద్దామా?”

“వద్దే, కర్రే బాగుంది. కాకపోతే బోటు ఎటు తిరగబోతోందో ముందే కనిపించాలి.”

హేమంత్ బోటు ముక్కుకి ఒక పసుపు బాణం గీశాడు. కర్ర కదలగానే బాణం ముందుగా తిరిగేలా రోజా రాసింది. ఆట మొదట్లో చెట్లన్నీ తీసేసి, తికమకపడినా ఏమీ గుద్దుకోకుండా బోలెడు ఖాళీ నీళ్ళు పెట్టింది.

శనివారం మూడో తరగతి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. ముందు రూతు అనే రెండు జడల పిల్ల కర్రని ఎడమకి తోసింది. బోటు కుడికి తిరిగింది. రూతు ఉలిక్కిపడి వేలు తీసేసింది.

‘అటు కాదు’ అనే మాట రోజా నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఊరుకోవడం ఇంత కష్టమని ఆ రోజే తెలిసింది.

రూతు మళ్ళీ కర్రని కొంచెం కదిపింది. బాణం వైపు చూసింది. ఇంకొంచెం కదిపింది. “ఓహో! ఇది తిరకాసు బోటు!” అని కిలకిలా నవ్వి, దాన్ని నెమ్మదిగా రేవు దాకా నడిపింది. తర్వాత ఒకరి వెనక ఒకరు దాదాపు అందరూ బోటుని రేవుకి చేర్చారు. శామ్యూల్ రాజ్ గారు చప్పట్లు కొట్టారు.

“ఇద్దరూ బందరు బస్సుకి తయారుగా ఉండండి!”

హేమంత్ గెంతులేశాడు. రోజా కూడా గెంతబోయి ఆగింది. ఆఖరున ఆడిన బుడ్డోడు అంజి ప్యానెల్ దగ్గరే నిలబడి ఉన్నాడు. వాడి బోటు చెట్లలో ఇరుక్కుంది. కళ్ళనిండా నీళ్ళు.

“నాకు ఆడటం రాదక్కా.”

రోజా వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

“నీకు రాకపోవడం కాదురా. ఎక్కడ తికమక అయ్యిందో చూపించు.”

అంజి ముక్కు తుడుచుకుని, మలుపు దగ్గర వేలు పెట్టాడు. “ఇక్కడికి రాగానే బాణం పోయింది.”

రోజా కళ్ళు చిట్లించి చూసింది. నిజమే. మలుపులో బాణం మడ చెట్ల బొమ్మ కిందకి దూరిపోతోంది. ఇంతమంది ఆడినా ఎవరూ చెప్పలేదు.

“హేమంత్, గెంతింది చాల్లే, ఇలా రా! బాణం చెట్ల కిందకి పోతోంది. అంజి కనిపెట్టాడు.”

హేమంత్ వచ్చేసరికి రోజా ప్రోగ్రాం తెరిచేసింది. ఇంకో కుర్చీ లాగి, అంజిని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఎక్కడికీ వెళ్ళకురా. ఇది మార్చగానే మొదట నువ్వే ఆడాలి.”