బెజ్జాలు మింగే గది

ఆ ఆఫీసులో చివరి గదికి చెడ్డపేరు. చీకటి పడ్డాక అందులో ఒంటరిగా కూర్చున్నవాడు మర్నాడే ఉద్యోగం మానేస్తాడు. అప్పటికే ఇద్దరు మానేశారు! ఎందుకయ్యా అంటే చెప్పరు... తల అడ్డంగా ఊపుతారు, అంతే.

ఇదంతా మా బావమరిది నోట విన్నదే. ఏ ఇనుప సామాను ఎంత బరువు ఆపుతుందో కంప్యూటర్లో చూడటం వాడి పని. సాఫ్ట్‌వేర్ దాని బొమ్మని చిన్న చిన్న ముక్కలుగా కోసి లెక్క కడుతుంది. ముక్క ఎంత సన్నమైతే లెక్క అంత నిజం. విరిగేచోట ఎరుపు, గట్టిచోట ఆకుపచ్చ.

కానీ వాళ్ల మేనేజరున్నాడే — ఎంగిలి చేత్తో కాకిని తోలని మహానుభావుడు — చవకరకం లైసెన్సు కొన్నాడు. ఇన్ని ముక్కలే కొయ్యాలి, ఒక్కటి ఎక్కువైనా లెక్క కట్టదు. రుమాలు గుడ్డ ఇచ్చి ప్యాంటు కుట్టమన్నట్టు!

ఆ రాత్రి వచ్చిన పని ఓ కొక్కెం. మేడల అద్దాలు తుడిచేవాళ్లు నిలబడే బల్లని మోసేది అదే. ఇరవై అంతస్తుల ఎత్తున ఇద్దరు మనుషులు దాన్ని నమ్ముకుని వేలాడాలి. తెల్లారేసరికి మావాడి సంతకం కావాలి.

బోల్టు దూరే బెజ్జం దగ్గర విరుగుతుందేమోనని వాడికి అనుమానం. అక్కడ సన్నగా కోశాడు.

‘లైసెన్సు పరిమితి దాటింది.’

మొహం కడుక్కుని వచ్చాడు. చూస్తే... కొక్కెంలో బెజ్జం లేదు! నున్నగా పూడిపోయింది. ముక్కలు తగ్గాయి. లెక్క నడిచింది. అంతా పచ్చగా...

మళ్లీ బెజ్జం పెట్టాడు. మళ్లీ పరిమితి. మౌసు మీంచి చెయ్యి తీశాడు — బాణం గుర్తు దానంతటదే కదిలింది. మెల్లగా... బెజ్జం దగ్గరికి...

పూడ్చేసింది!

“భయపడ్డావురా?” అన్నాను.

“ప్యాంటు ఒక్కటే తడవలేదు బావా.”

తెర మీదే టైపు చేశాడు — ‘ఎవరు నువ్వు?’

ఒక్కో అక్షరమే జవాబు వచ్చింది.

‘నేనేనయ్యా, మేనేజర్ని. ఇంట్లో మంచం మీంచే నీ కంప్యూటర్ని నడుపుతున్నా. బెజ్జం తీసేస్తే సరిపోయేదానికి పెద్ద లైసెన్సు దేనికి? ఇదివరకు ఇద్దరికీ ఇలాగే చేసిపెట్టా. సంతకం పెట్టి పడుకో.’

మావాడు పెట్టలేదు. అద్దాలు తుడిచేవాళ్ల మేస్త్రీని నిద్రలేపి, “ఆ బల్ల ఎక్కొద్దన్నా” అని ఫోన్లో చెప్పి, గదికి తాళం వేసి వచ్చేశాడు.

“పోన్లే, దెయ్యం కాదు కదరా!” అన్నాను.

“దెయ్యమైతేనే నయం బావా,” అన్నాడు. “దానికి ఒకసారి చచ్చిన అనుభవమైనా ఉండేది.”