చనిపోయిన తల్లి వేలిముద్ర

1968 ఆగస్టులో ఒక ఉదయం, బాపట్ల ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ మాణిక్యాంబ తెనాలిలో డిటెక్టివ్ బసవేశ్వరరావు గది మెట్లెక్కింది.

"మా హాస్టల్ పిల్ల ఝాన్సీలక్ష్మికి పోయిన మంగళవారం కడుపు ఆపరేషనైందండి. ఒప్పుకోలు కాగితం మీద వాళ్లమ్మ వేలిముద్ర ఉంది. ఆవిడ పోయి మూడేళ్లయిందండి."

సహాయకుడు రజాక్ కలం ఆగిపోయింది. బసవేశ్వరరావు మాత్రం, "పిల్ల ఎలా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉందండి." ఆ మాట తనే ముందు చెప్పనందుకు మాణిక్యాంబకు సిగ్గేసింది. "ఆ దొంగముద్ర ఎవరిదో తేల్చమన్నారు హాస్టల్ కమిటీ వాళ్లు. తేలితే ఆ మనిషి ఉద్యోగం తీసేసి పోలీసులకి అప్పజెబుతారటండి."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"పోస్టాఫీసులోనండి. కన్నవాళ్ల సంతకం కావాలన్నారు. తండ్రి రాఘవయ్యది నిజాంపట్నం. టెలిగ్రాం ఇచ్చాను. రేపల్లె నుంచి అది పట్టుకుని మనిషి వెళ్లేసరికి ఆయన సముద్రం మీదున్నాడు."

"డాక్టరు మిమ్మల్ని అడగలేదా?"

"నేనేమవుతానండి ఆ పిల్లకి?" అంటూ పైట సర్దుకుంది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

మధ్యాహ్నానికి అందరూ బాపట్ల చేరారు. బసవేశ్వరరావు ఆస్పత్రిలో ఆ ముద్రను భూతద్దంతో చూశాడు. హాస్టల్లో పాత దరఖాస్తులు తిరగేశాడు. సాయంత్రం భోజనాల గదిలో అందరినీ కూర్చోబెట్టాడు. కబురంది రాఘవయ్య కూడా వచ్చాడు.

"పిల్లతో ఆస్పత్రికి వెళ్లింది ముగ్గురు," అన్నాడు బసవేశ్వరరావు. "వార్డెన్ గారు, వాచ్‌మన్ రంగనాయకులు సంతకమే చేస్తారు, వేలిముద్ర వెయ్యరు. ఈ ముద్ర మీద అడ్డంగా సన్నటి గాట్లున్నాయి. ఏళ్ల తరబడి కత్తిపీట మీద కూరలు తరిగిన వేలు ఇది."

వంటమనిషి ఇమాం బీ చెయ్యి కొంగులో దాచుకుంది. "పిల్ల మెలికలు తిరిగిపోతోందయ్యా. తల్లెవరన్నారు. నేనేనన్నాను. పేరడిగితే పిల్లే వాళ్లమ్మ పేరు చెప్పింది."

రజాక్ గురువుగారి వంక గర్వంగా చూశాడు. కేసు అయిపోయిందనుకున్నాడు పాపం. బసవేశ్వరరావు ఇంకో కాగితం తీశాడు.

"ఈవిడకి ఆ అబద్ధం అవసరమే లేదు. ఇది పిల్లను చేర్చిననాటి దరఖాస్తు. 'హాస్టల్లో ఉన్నంతకాలం తల్లిదండ్రుల బాధ్యత వార్డెనుదే. అత్యవసర వైద్యానికి ఆమె సంతకం చెల్లుతుంది.' కింద సంతకం మీదే కదండీ?" అని మాణిక్యాంబ ముందు పెట్టాడు.

తనదే. ప్రతి జూన్‌లో ఎనభై దరఖాస్తులు. రంగనాయకులు మడత తీసి అందిస్తుంటే, చదవకుండా గబగబా గీకేసేది. మంగళవారం డాక్టరు, "మీరు పెట్టినా చాలమ్మా," అనే అన్నాడు. పిల్లకేదైనా అయితే తన మెడకు చుట్టుకుంటుందని భయపడి, టెలిగ్రాం వంకతో బయటపడింది. ఇప్పుడు భూమి చీలితే బాగుండుననిపించింది.

"తమరు అప్పుడు ఆస్పత్రిలోనే ఉన్నారాండి?" అన్నాడు రాఘవయ్య.

"ఉన్నాను. భయపడి వెళ్లిపోయాను. తప్పు ఇమాం బీది కాదు, కమిటీకి నా పేరే రాస్తాను."

రాఘవయ్య కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నాకు చదువు రాదమ్మా. ఆ కాగితంలో ఏముందో తెలీదు. తమరు సంతకం పెట్టారు కదా, ఇంక పిల్లకి తల్లి ఉన్నట్టే అనుకుని పడవెక్కాను."

మాణిక్యాంబ తలెత్తలేకపోయింది.