రెండు చోట్ల అరిగిన చక్రం

ఎల్లప్ప చేసిన పనికే తాను మూడేళ్లుగా పొద్దున లేచి కారు నెట్టించుకోవలసి వస్తోందని జంగప్ప నమ్మకం. ఎల్లప్ప పరాయివాడు కాదు, సొంత తమ్ముడు. ఆ రోజు కూడా తాండూరులో ఇంటి ముందు నిలిపిన పాత నల్లకారులో కూర్చుని, తమ్ముణ్ణి తిట్టుకుంటూనే సెల్ఫ్ నొక్కాడు. గిర్రున ఒట్టి చప్పుడు వచ్చింది గాని ఇంజను అందుకోలేదు.

“నాగవ్వా, జర నూకు.”

భార్య నాగవ్వ పొయ్యి మీది గంజి దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అతను బండిని గేరులో పెట్టాడు. ఆమె భుజం ఆనించి తోస్తే జానెడు కదిలింది. ఈసారి గేరు తీసి నొక్కగానే ఇంజను లేచింది.

“నాకొకటి సమజ్ కాదు. జానెడు నూకితె అందుకుంటది, లేకుంటె లేదు. గంతల లోపట ఏం మారుతది?”

“మారుడేంది? నీ మరిది పుణ్యం. ఆకురాయితోని పండ్లు రాకిండు.”

ఇంజను వెనుక ఫ్లైవీలు అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దాని అంచున ఉన్న పళ్లను సెల్ఫ్ పట్టుకుని తిప్పితేనే ఇంజను లేస్తుంది. మూడేళ్ల కింద క్లచ్ పనికి విప్పినప్పుడు జంగప్ప ఆ పళ్లు చూశాడు. సరిగ్గా ఎదురెదురుగా రెండు చోట్ల మాత్రమే అరిగి ఉన్నాయి. మిగతావన్నీ కొత్తవాటిలా ఉన్నాయి; బండిని జానెడు నూకితే సెల్ఫ్‌కు దొరికేవి అవే. అరిగితే చుట్టూ అరగాలి గదా! కారు అప్పుడు అన్నదమ్ములిద్దరిదీ. ఎక్కువగా నడిపేది ఎల్లప్ప. బండిని పాడుచేసి అన్న వాటా కూడా అగ్గువకు కొట్టేద్దామనుకున్నాడని జంగప్ప తేల్చేశాడు. కులపెద్దల ముందే అరిచాడు: “కారు నాకు, చేను వానికి. వాని మొఖం నాకొద్దు.”

కాగ్నా ఏటి ఒడ్డున తండ్రి వదిలిపోయిన కందిచేను అంతా అట్లా తమ్ముడి పాలయింది. ఎల్లప్ప మారు మాట్లాడకుండా వేలిముద్ర వేసి, కరణ్‌కోట బండల గనిలో పనికి కుదిరాడు.

ఇప్పుడు ఆ పళ్లు పూర్తిగా పోయేలా ఉన్నాయి, చక్రం కూడా క్లచ్ వేడికి వంగింది. తన దగ్గర మూడు పాత ఫ్లైవీళ్లు ఉన్నాయని వికారాబాదు మెకానిక్ తాజ్ మొహమ్మద్ కబురు పంపాడు. ఈసారి తప్పుది ఎక్కిస్తే మళ్లీ కొనే తాహతు లేదు. జంగప్ప బతుకంతా అనంతగిరి గుట్ట మీది దవాఖానకు రోగులను చేరవేసే కిరాయి మీదే. ఆ గుట్ట మలుపులో చక్రం పగిలిందంటే కారూ ఉండదు, మనుషులూ ఉండరు.

“ఎల్లప్పను తోల్కపో,” అంది నాగవ్వ. “సుత్తితోని కొట్టి, బండల పగులున్నదో లేదో సప్పుడుతోనే చెప్తడంట. ఇనుముది చెప్పలేడా?”

“నాకేం అక్కర లేదు వానితోని.”

“నూకేది నేను. నాకు అక్కరుంది.”

కబురు అందుకున్న ఎల్లప్ప, “వదిన వస్తెనే వస్త” అన్నాడట. మరునాడు ముగ్గురూ బయలుదేరారు. చిన్న సుత్తి ఒళ్లో పెట్టుకుని ఎల్లప్ప వెనుక కూర్చున్నాడు. వికారాబాదులో తాజ్ షెడ్డు ముందు ఆగారు.

“అరే, ఇద్దరన్నదమ్ములు ఒక్క బండిల! నాకు కండ్లు సరిగ్గ కనబడుతున్నయా?” అంటూ తాజ్ ఎదురొచ్చాడు. మూడు చక్రాలనూ బయటికి దొర్లించాడు. ఒకటి నిగనిగలాడే రంగుతో ఉంది. ఒకటి లేతు యంత్రం మీద చెక్కి పలచన చేసింది. మూడోది తుప్పు పట్టిన మోటు చక్రం.

జంగప్ప చూపు రంగుదాని మీదికి పోయింది. ఎల్లప్ప ముందు దాన్నే పరీక్షకు తీశాడు. నడిమి రంధ్రంలో గడ్డపార దూర్చి, నేలకు తగలకుండా లేపి పట్టమన్నాడు. సుత్తితో మెల్లగా కొట్టాడు. మోత సాగకుండా మొద్దుగా పలికింది. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత పగులు బయటపడింది.

“తోబా! నాకే కనబడలే,” అన్నాడు తాజ్.

పలచనిది మంచిగానే మోగింది. “కాని ఇది గుట్టకు పనికి రాదు. బరువు లేకుంటె ఇంజన్‌కు దమ్ముండదు, ఎక్కంగనే ఆగుతది. క్లచ్ వేడికి తొందరగ వంగుతది,” అన్నాడు తాజ్. తుప్పుదాన్ని కొడితే మాత్రం మోత సాగి సాగి ఆగింది. తుప్పు గీకి చూస్తే క్లచ్ ఆనే ముఖం మీద కాలిన మచ్చ ఒక్కటీ లేదు.

ఇంతలో చక్రాల చుట్టూ తిరుగుతున్న నాగవ్వ వంగి చూసింది. “ఏమయ్యా, గిటు రా. దీనికి గూడ పండ్లు రెండు జాగలనే అరిగినయ్, ఎదురెదురుంగ. గీ రంగుదానికి గూడ. గా పల్చందానికి గూడ.” నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. “గివన్ని నా మరిదే రాకిండా?”

జంగప్ప మూడు చక్రాల మీదా వేలు పెట్టి తడిమి చూశాడు.

“రాకుడేంది వదినా?” తాజ్ నవ్వాడు. “ఇంజన్ బందయితె ఎక్కడబడితె అక్కడ ఆగదు. లోపట గాలి నొక్కుకునే కాడ ఆగుతది. నాలుగు సిలిండర్ల బండికి గవి రెండే జాగలు. సెల్ఫ్ రోజు గక్కడ్నే కొరుకుతది, గక్కడ్నే అరుగుతది. పర్వా లేదు, పండ్లున్న కడెం చక్రానికి వేరేగ తొడిగి ఉంటది. వేడిచేసి తీసి, జర జరిపి ఎక్కిస్త. కొత్త పండ్లు వస్తయ్. పదేండ్లు ఫికర్ లేదు.”

ఎల్లప్ప సుత్తి కింద పెట్టాడు. “కులపెద్దల ముందల అడిగినవ్ గద అన్నా, ఆకురాయి ఏడ దాచినవని. ఇప్పుడడుగు.”

“అప్పుడే నోరు తెరిచి చెప్పొద్దారా?”

“ఏం చెప్పాలె? ఎందుకరిగినయో నాకు మాత్రం ఎరుకనా? నేను గూడ మూడేండ్ల సంది గదే సోంచాయిస్తున్న.”

జంగప్ప సుత్తి తీసి తమ్ముడికి అందించాడు. “పోనీరా. చేను నువ్వే దున్నుకో. ఇంటికైతె రా.”

“ఏ చేను? పోయిన ఎండకాలమే అమ్మిన. బీరమ్మకు ఛాతి ఖరాబైంది. అనంతగిరి దవాఖానలనే ఉన్నది.”

బీరమ్మ ఎల్లప్ప భార్య. జంగప్ప నాగవ్వ వైపు తిరిగాడు. “నీకెరుకనా?”

“ఎరుకే. వాని పేరెత్తనిచ్చినవా నన్ను?”

“వారం వారం గా గుట్టెక్కుత గదరా నేను!”

“చూసిన. చేర్పియ్యక ముందు దాన్ని పట్టుకొని బస్సు కోసం దవాఖాన గేటు కాడ నిలబడ్డ. హారన్ కొట్టుకుంట పోయినవ్.”

జంగప్ప అక్కడే, నూనె మరకల నేల మీద కూలబడ్డాడు. తుప్పు చేతులతోనే ముఖం కప్పుకున్నాడు.  ఎల్లప్ప వచ్చి పక్కన కూర్చుని, భుజం మీది తువ్వాల తీసి ఇచ్చాడు. “తుడుసుకో అన్నా. మొఖం నిండ తుప్పయింది.”

సాయంత్రానికి మోటు చక్రం ఎక్కింది. నాగవ్వ అలవాటుగా బండి వెనక్కి పోయి భుజం ఆనించింది. “రా వదినా, ఎక్కు,” అని ఎల్లప్ప పిలిచాడు. జంగప్ప తాళం తమ్ముడి చేతికిచ్చి, తాను వెనుక కూర్చున్నాడు. సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంది.

“ఇంటికేనా అన్నా?”

“గుట్టకు పోనియ్. బీరమ్మను చూడాలె.”

కారు మలుపుల మీద తొణక్కుండా, ఒకే దమ్ముతో ఎక్కుతోంది. కింద తిరుగుతున్న చక్రం చప్పుడు జంగప్పకు కాళ్లలో తెలుస్తోంది. కళ్లు తుడుచుకుంటూ, తాను పోగొట్టినదాన్ని మొదటిసారి లోలోపల లెక్క వేసుకున్నాడు. కాగ్నా ఒడ్డున, తన వాటాకు రావలసిన రెండు ఎకరాల ఇరవై నాలుగు గుంటల నల్లరేగడి.