సాధురేఖ మీద పీత

అదుపుగదిలో తెరల ముందు కూర్చున్న గురువులు, పదకొండో అంతస్తులో దీపాలు కాస్త తగ్గించాడు. పన్నెండులో ఏడుస్తున్న కవలలకు వాళ్ల నాయనమ్మ గొంతు వినిపించాడు. ఏడో అంతస్తుకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఒక గది కన్ను పసుపు దాటి ఎర్రబడుతోంది. అది అతని గదే.

బయట కళింగపట్నం తీరం మీద గాలి ఈ తుఫాను మేడను పట్టి ఊపుతోంది. ఏటా వచ్చే తుఫాన్లు ఇప్పుడు నెలనెలా వస్తున్నాయి. రాగానే ఊరంతా మేడెక్కుతుంది. ప్రతి గది కప్పుకూ ఒక కన్ను ఉంటుంది. అది మనుషుల కదలికను కొలిచి, ఎక్కువమంది ఎలా ఉన్నారో చూసి, అదే మామూలని ‘సాధురేఖ’ గీస్తుంది. రేఖకు మరీ దూరమైనవాళ్లు భయపడినట్టు లెక్క. వాళ్ల గదిలోకి జోలావిరి వదలాలి. తుఫాను వెళ్లేదాకా నిద్రపోతారు.

వదలడానికి నీలిమీట నొక్కడం గురువులు ఉద్యోగం. అతను నొక్కకపోతే కాసేపట్లో యంత్రమే వదులుతుంది. ఒక మనిషి ఆలోచించి నొక్కాడని చెప్పుకుంటే మర్యాదగా ఉంటుందని గృహశాంతి మండలి ఆ మీట పెట్టించింది. మండలివారు దూరంగా కొండమీద, వాన కూడా అనుమతి అడిగి పడేచోట ఉంటారు. వాళ్లలో పిల్లలున్నవారు తక్కువ. ఉన్నవారికి ఆయాలు ఎక్కువ. పసిబిడ్డ గంతులేస్తే దానికి ‘నిష్ప్రయోజన చలనం’ అని పేరు పెట్టింది వాళ్లే. ఆదర్శంగా ఉంటుందని తమ కచేరీ గదులకూ ఇవే కళ్లు బిగించుకుని, ఈ మేడ రేఖకే కలిపించుకున్నారు. అవి ఎన్నడూ ఎర్రబడలేదు. వంతు వచ్చిన ఒక్కరు తప్ప ఆ గదుల్లో ఎవరూ ఉండరు, గోడలు భయపడవు కదా.

పిలుపు మోగింది. పక్కగది నర్సమ్మ. గురువులు పనిలో ఉన్నప్పుడు అతని కూతురు నూకాలును ఆమే చూస్తుంది. చూడమని అతను ఎప్పుడూ అడగలేదు, అడిగించుకోవాలని ఆమె కూడా అనుకోలేదు.

“ఒరే గురువులూ! నీ గుంట పీతలాగ అడ్డంగా తిరిగేస్తన్నాది. ఆ కన్ను సూడు, మిరపపండైపోనాది. కూకోయే అంటే నన్నూ నడవమంటన్నాది!”

తెరమీద నూకాలు కనిపించింది. రెండేళ్ల పిల్ల. ఉరిమినప్పుడల్లా పెదవులు బిగించి, చాలా శ్రద్ధగా, గోడ నుంచి గోడకు అడ్డంగా నడుస్తోంది. ఆ చిందు వాళ్లమ్మ పైడమ్మ నేర్పింది. ఉరిమితే వేళ్లతో పీత డెక్కలు పట్టి, నడుం తిప్పుతూ అడ్డంగా నడవాలి. పెద్ద ఉరుమైతే దబ్బున కూలబడి నవ్వాలి. పైడమ్మ నిరుడు జ్వరంతో పోయింది. వేసవి తుఫానులో జోలావిరి పీల్చి లేచిన నూకాలు కూలబడడం మరిచిపోయింది. తర్వాతి తుఫానుకు డెక్కలు పోయాయి. మండలి దీన్ని ‘స్వల్ప విస్మృతి’ అంటుంది, స్వల్పమైన మనుషులకు జరుగుతుంది కనుక కాబోలు. ఇక అడ్డంగా నడవడం ఒక్కటే మిగిలింది. ఈసారి నిద్రపోతే తల్లి నేర్పింది ఏదీ మిగలదు.

మూలనున్న తెరమీద మండలి పర్యవేక్షకురాలు విశారద ప్రత్యక్షమైంది.

“గురువులుగారూ, మీట నొక్కలేదేం?”

“మా పాపండి. బయం కాదండి, ఆడతన్నాది.”

“ఉరుముల్లో ఎవరైనా ఆడతారా? మేడలో ఇంకెవరైనా ఆడుతున్నారేమో చూడండి.”

“అందరూ ఆడితేనండి?”

“అందరూ ఆడితే అదే సాధురేఖ.” విశారద చిన్నగా నవ్వింది. “అంత సిగ్గులేకుండా ఎవరుంటారండీ?”

రెండేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో సిగ్గు ఎన్నాళ్లు నిలుస్తుందో ఆమెకు తెలియదు.

గురువులు మీట మీద నుంచి చెయ్యి తీశాడు. మేడ ఖాళీ చేయించడానికి మాత్రమే వాడాల్సిన మైకు తెరిచాడు. కెమెరా తనవైపు తిప్పుకున్నాడు. ప్రతి గది గోడమీదా అతనూ, అతని వెనక మూలతెరలో విశారదా కనిపించారు.

“అక్కల్లారా, బావల్లారా, నాను గురువుల్ని. మా నూకాలు ఒక్కర్తీ ఆడతంటే దానికి బయమని నిద్దరోగొట్టెత్తారంట. మీరూ లెగండి. ఇలాగ...”

డెక్కలు పైకెత్తి, బొజ్జ ఊపుతూ అడ్డంగా నడిచాడు. కుర్చీ తగిలి తూలాడు.

తొమ్మిదో అంతస్తు నుంచి ఎవరో అరిచారు. “ఏట్రా బావా, ఎర్రెక్కిందేటి? పైడమ్మ సూస్తే సీపురట్టుకునేది!”

“సూస్తే ముందు అదే ఆడేది. లెగు మరి!”

ముందు నర్సమ్మ లేచింది, మోకాళ్లను తిట్టుకుంటూ. తర్వాత కవలలు, వాళ్లను పట్టుకోబోయి వాళ్లమ్మ. తొమ్మిదో అంతస్తు బావ లుంగీ ఎగ్గట్టాడు. గది తర్వాత గది, అంతస్తు తర్వాత అంతస్తు అడ్డంగా కదిలాయి. సాధురేఖ వణికింది, పైకి పాకింది. నూకాలు గది కన్ను ఎరుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగింది.

అప్పుడు మరో గంట మోగింది. తెరమీది గదుల పటం మొత్తంలో ఒకే ఒక్క గది కన్ను ఎర్రబడింది. కొండమీది గది. అందులో కుర్చీలో నిటారుగా, కదలకుండా విశారద. ఇప్పుడు రేఖకు దూరమైంది ఆమె ఒక్కతే. గురువులు ముందు నీలిమీట వెలిగింది.

“ఇదేమిటి? ఆపండి దీన్ని!”

“నా సేతిలో లేదండి. నాను నొక్కకపోయినా అదే వదిలేస్తాది. మీరు రాసిందే కదండి.”

ఆ మాట రుచి అతను ఒక్క క్షణం నాలుకమీద ఉంచుకున్నాడు. బాగానే ఉంది. అయినా కెమెరా ముందుకు జరిగి, పసిపిల్లకు నేర్పినట్టు డెక్కలు నెమ్మదిగా పట్టి చూపించాడు.

“ముందు కుడికాలండి. సిగ్గుపడకండి. ఎవురూ సూడ్డంలేదు.”

మేడంతా చూస్తోంది.

విశారద లేచింది. ఆమె వేళ్లకు డెక్కలు కుదరలేదు. కుర్చీ పక్క నుంచి కొంచెం జరిగింది, మరికొంచెం జరిగింది. నీలిమీట ఆరిపోయింది. గోడమీద ఆమెనే చూస్తున్న నూకాలు మొహం చిట్లించి, రెండు చేతులూ ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ‘ఇలా’ అన్నట్టు చూపించింది.

అప్పుడే మేడ అదిరేలా ఉరిమింది. అందరూ ఉన్నచోటే బిగుసుకుపోయారు. నూకాలు ఒకసారి చుట్టూ చూసి, దబ్బున కూలబడి, కిలకిలా నవ్వింది. పెద్ద ఉరుముకు కూలబడాలని గురువులు ఎవరికీ చెప్పనేలేదు, అది దానికే గుర్తొచ్చింది.

నర్సమ్మ కూలబడింది. ఏడో అంతస్తు కూలబడింది. ఆ తర్వాత మేడ మొత్తం. ఎక్కడ నిలవాలో తెలియని సాధురేఖ తెరమీద అడ్డంగా నడవడం మొదలుపెట్టింది.